స్తూర్ల మరియమ్మ చేప

మా క్వీస్లా ఏటి మీద స్తూర్ల అంత ఓపికమంతుడు లేడు, అంత కోతలరాయుడూ లేడు. చేపలు పట్టించే గైడుకి రెండూ కావాలి మరి. పగలంతా దొరల పక్కన నడుం లోతు చన్నీళ్లలో నిలబడడానికి ఓపిక కావాలి, భోజనాల బల్ల దగ్గర వాళ్ల బడలిక తీర్చడానికి కోతలు కావాలి. ఈ రెండింట్లో ఏది తక్కువైనా ఐస్లాండ్ ఉత్తరాన ఆ ఉద్యోగం ఒక్క వేసవి కూడా నిలవదు. స్తూర్లకి నలభై వేసవులు నిలిచింది.

నేను హల్లాని. ఏటి గట్టున ఉన్న చేపల బంగళాలో వంట చేస్తాను. మా పుట్టింటి పొలమూ స్తూర్ల పొలమూ ఒకే కంచెకి అటూ ఇటూ ఉంటాయి కనుక అతని గొప్పలు నాకు చిన్నప్పటినుంచీ ఉచితంగానే అందాయి. దొరలు మాత్రం విమానాలెక్కి వచ్చి, డబ్బు పోసి మరీ వింటారు.

ఏరు మాదే. అంటే గట్టు వెంబడి భూములున్న రైతులందరిదీ. కానీ దాంట్లో మేము గాలం వెయ్యకూడదు. స్తూర్ల కూడా పుట్టకముందే ఏటిని కౌలుకిచ్చేశారు. ఒక్క పూట గాలం వెయ్యాలంటే మంచి పాడి ఆవు ధర పెట్టాలి. ఆవునిచ్చి చేపని పట్టుకునే రైతు ఎక్కడా ఉండడు కనుక ఆ పని దొరలకే వదిలేశాం. అలాగని మా హక్కు పూర్తిగా పోలేదు. సెప్టెంబరులో ఒక వారం రైతులు ఉచితంగా చేపలు పట్టుకోవచ్చని కౌలు పత్రంలో రాసుకున్నాం. సరిగ్గా ఆ వారమే కొండల మీంచి గొర్రెల్ని దించి, చెవి గుర్తులు చూసి, ఎవరివి వాళ్లం వేరు చేసుకునే వారం. ఊళ్లో కాళ్లున్న ప్రతి మనిషీ కొండ మీదే ఉంటాడు. రైతు సంఘం అధ్యక్షుడు థోర్లాకుర్ ప్రతి సమావేశంలోనూ లేచి, ఆ వారం మన పోరాట ఫలితం అంటాడు. అందరం చప్పట్లు కొడతాం. అలవాటైపోయింది.

ఇక దొరలు. వాళ్లు వేసుకొచ్చే చొక్కాలకి ఎన్ని జేబులుంటాయంటే, ఏ జేబులో ఏముందో వాళ్లకే తెలియదు. ఊరిస్తే సాల్మన్ వస్తుందని చదువుకుని వస్తారు, తీరా ఏట్లోకి దిగాక మొదట వాళ్ల టోపీకే గాలం తగులుతుంది. స్తూర్ల గొప్పంతా అక్కడుంది. దొర చెవి పక్కన గాలం వేలాడుతుంటే మొహంలో ఒక్క కండరం కదలనివ్వడు.

"అద్భుతం! గాలి ఎటు వీస్తోందో ఇట్టే పసిగట్టేశావ్. ఈసారి టోపీకి కొంచెం ఎడంగా వేద్దామా?" అంటాడు.

మా దగ్గర రాజుగారొచ్చినా నువ్వు అనే అంటాం. దొరలకి మొదట ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది గానీ, స్తూర్ల నోటి తియ్యదనానికి రెండో పూటకల్లా మెత్తబడతారు. ఈకలు చుట్టిన గాలం ఎంచేది అతనే, కట్టేది అతనే, దొర మోచెయ్యి పట్టుకుని అటు తిప్పేదీ అతనే. చేప తగిలాక వల పట్టేదీ అతనే. దొర చేసేదల్లా కేకలు పెట్టడం, ఫోటోకి చేపని కెమెరా వైపు చాచి పట్టుకోవడం. అలా చాస్తే పిల్ల చేప కూడా దూడంత కనిపిస్తుంది. అయినా రాత్రి భోజనాల దగ్గర స్తూర్ల లేచి గ్లాసు ఎత్తి, "ఇలాంటి చెయ్యి నేను ఇంతవరకు చూడలేదు" అంటాడు. ప్రతి వారం ఒక కొత్త దొరతో అంటాడు. నేను గొర్రె తొడ మాంసం కోస్తూ వింటాను.

ఆ తర్వాత తన చేప కథ మొదలెడతాడు. కుర్రతనంలో ముసలమ్మ మడుగులో తనకో సాల్మన్ తగిలిందట. ఏటి వాలున చర్చి దాకా ఈడ్చుకుపోయిందట. లోపల పాదిరిగారు పెళ్లి జరిపిస్తుంటే, పెళ్లికొడుకు బయటికి పరుగెత్తుకొచ్చి వల అందించాడట. నేను మొదటిసారి విన్నప్పుడు ఆ చేప పద్దెనిమిది పౌన్లు. ఏటేటా స్తూర్ల నోట్లోనే మేత మేసి పెరిగి, ఇప్పుడు ముప్పై దాటింది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మనిషి జీవితంలో పట్టిన మొట్టమొదటి సాల్మన్‌ని మేము మరియమ్మ చేప అంటాం. దాని వీపు మీద, తోకకి కాస్త ముందు, చిటికెన వేలి గోరంత చిట్టి రెక్క ఉంటుంది. అందులో ముల్లుండదు, ఉత్త కొవ్వు. పట్టినవాడు దాన్ని అక్కడికక్కడే పచ్చిగా పళ్లతో కొరికి మింగాలి. మింగితే ఏరు ఆ మనిషిని గుర్తుపెట్టుకుంటుంది. మింగకపోతే బతికినన్నాళ్లూ గాలానికి నాచే తగులుతుంది. ట్రౌట్ చేప దీనికి లెక్కలోకి రాదు. ట్రౌట్‌ని మా పిల్లలు పిల్లకాలవల్లో గోనెసంచితో పడతారు, దానికి మరియమ్మ తల్లిని ఎవరూ ఇబ్బంది పెట్టరు.

నా మరియమ్మ చేప నాకు చిన్నప్పుడే దొరికింది. గొర్రెల వారంలో మా మేనమామ కాలు బెణికిందని దొంగ కుంటుడు కుంటి, కొండకి పోకుండా నన్ను ఏటికి తీసుకెళ్లాడు. ఆ రెక్క రుచి అడిగితే, చల్లటి కొవ్వొత్తి నమిలినట్టుంటుంది. అయినా ఆ రోజు నేను ఊరంతా తల ఎత్తుకుని తిరిగాను.

దొరలకి ఈ ఆచారమంటే పిచ్చి. ఇంటి దగ్గర ఉడికిన గుడ్డు కూడా కత్తితో కోసుకుని తినే మనుషులు, ఇక్కడ పచ్చి చేప కొరకడానికి సముద్రాలు దాటి వస్తారు. అంతలో ఏటిని కౌలుకి తీసుకున్న కంపెనీ, సాల్మన్ తగ్గిపోతున్నాయని, పట్టిన ప్రతిదాన్నీ ప్రాణాలతో తిరిగి వదలాల్సిందేనని నియమం పెట్టింది. దొరలు గగ్గోలెత్తారు. చంపని చేపని కొరికేదెట్లా? ఫోటోల్లో మూతికి రక్తం లేకపోతే స్నేహితులు నమ్మేదెట్లా?

అప్పుడు తీర్పు చెప్పింది స్తూర్లే.

"వలలోనే ఉంచు, నీళ్లలోనే ఉంచు. వంగు, కొరుకు, వదిలెయ్. ఆ రెక్కతో దానికేం పనుంది? మనకి గొంతులో టాన్సిల్స్ తీసెయ్యరూ? అంతే!"

కంపెనీకి ఇది ఎంత నచ్చిందంటే, తర్వాతి ఏడాది కరపత్రంలో "ప్రకృతికి హాని లేని కొరుకుడు" అని అచ్చు వేయించింది. అప్పట్నుంచి మా వంటింటి కిటికీలోంచి చూస్తే, ఏటి వెంబడి దొరలూ దొరసానులూ నడుములు వంచి, పిరుదులు ఆకాశానికెత్తి, నీళ్లు తాగే గొర్రెల్లా కనిపించేవాళ్లు. పక్కన స్తూర్ల టోపీ తీసి భక్తిగా నిలబడేవాడు.

నేనొకసారి అడిగాను. "ఏమయ్యా స్తూర్లా, ఏట్లో ఉన్న చేపలన్నిటినీ ఎంగిలి చేయిస్తున్నావు కదా, ఇది బావుందా?"

"ఏటికి ఎంగిలేంటి హల్లా? నీళ్లు కడిగేస్తాయి," అన్నాడు, కాఫీ చప్పరిస్తూ.

ఈ సంగతి గుర్తుంచుకోండి.

స్తూర్ల నలభయ్యో వేసవి, జూలైలో లాంబెర్ అనే బెల్జియం దొర వచ్చాడు. ఆయనకి సబ్బుల ఫ్యాక్టరీ ఉంది. మనిషి దగ్గరికొస్తే లవెండరు పూల వాసన కొట్టేది, మాట్లాడితే కొత్తగా కట్టించుకున్న పళ్లు తళతళలాడేవి. మూడు రోజులు ఏటిని చితకబాదాక నాలుగో పొద్దున ముసలమ్మ మడుగులో ఆయనకి మొదటి సాల్మన్ తగిలింది. పన్నెండు పౌన్ల ఆడ చేప. స్తూర్ల వల పట్టాడు, టోపీ తీశాడు. లాంబెర్ వంగి కొరికాడు. కొరకగానే కెవ్వున కేకేశాడు. ముందు పన్ను కదిలిపోయింది. నోట్లోకి వచ్చింది సగం రెక్కే. మిగతా సగం చేప వీపు మీదే నిలిచింది.

"ఇది చెల్లుతుందా? సగమే కదా?" అన్నాడు దొర, దవడ పట్టుకుని, ఏడుపు గొంతుతో.

స్తూర్ల ఏమాత్రం తడుముకోలేదు. "సగమైనా చెల్లుతుంది. ఏరు పళ్లు లెక్కపెట్టదు," అన్నాడు. చేపని వదిలేశారు. లాంబెర్ ఆ సగం ముక్కని మింగి, అరచేత్తో మూతి మూసుకుని, కారెక్కి పట్నంలో పళ్ల డాక్టరు దగ్గరికి పోయాడు. వారం చివరి పూటకైనా వస్తానని కబురు పెట్టాడు. చివరికి దానికీ రానన్నాడు.

అలా ఒక పొద్దుటి పూట ఏ దొరా లేకుండా ఖాళీ పడింది. అదీ ముసలమ్మ మడుగులో. సరిగ్గా అదే రోజు స్తూర్లకి డెబ్బై నిండుతాయి. కొనేవాళ్ల కోసం కంపెనీ అటూ ఇటూ ఫోన్లు చేసి, ఎవరూ దొరక్క, రైతు సంఘానికి వదిలేసింది. సంఘం సమావేశమైంది. థోర్లాకుర్ లేచి, "నలభై ఏళ్ల సేవకి గుర్తుగా మన ఏటి కానుక" అని స్తూర్లకి ఆ పూట ప్రకటించాడు. అమ్ముడుపోని సరుకుని కానుకగా ఇవ్వడంలో మా వాళ్లని మించినవాళ్లు లేరు. అందరూ చప్పట్లు కొట్టారు. స్తూర్ల మాత్రం చప్పట్లు అయ్యేదాకా నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆనందం ఎక్కువై మాట పెగలడం లేదని అనుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం, దొరలు భోంచేసి కునుకు తీస్తున్న వేళ, వంటింట్లోకి వచ్చాడు. కాఫీ ఇచ్చాను. వేడివేడిగా నూనెలో దేవిన మడత రొట్టె ఒకటి పెట్టాను. కాఫీలో ముంచాడు, నానిపోయి విరిగి పడిపోయేదాకా అలాగే పట్టుకున్నాడు.

"హల్లా, ఆ తలుపు వెయ్యి."

"ఎందుకూ? పొగ బయటికి పోవద్దా?"

"వెయ్యి తల్లీ."

వేశాను.

"ఎల్లుండి నేను పట్టబోయేది... అదే, పడితే... అది నా మరియమ్మ చేప."

హాస్యమాడుతున్నాడనుకున్నాను. "ఓహో! మరి చర్చి దాకా ఈడ్చుకుపోయిన ఆ ముప్పై పౌన్ల చేప?"

"అది లేదు."

"పోనీ పాతిక పౌన్లున్న రోజుల్లోనైనా ఉండేదా?"

"పద్దెనిమిదున్నప్పుడు కూడా లేదు."

నాకు నవ్వాగలేదు. పిండి చేతులతోనే పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆ నీళ్లు తుడుచుకుని చూస్తే అతను నవ్వడం లేదు. అంత పెద్ద మనిషి, నా వంటింటి స్టూలు మీద, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా కూర్చున్నాడు. నా నవ్వు నాకే చేదయింది.

"అదెలా కుదిరిందయ్యా, ఇన్నేళ్లూ?" అన్నాను.

"ఎలా ఏముంది? మా నాన్నకి కాలు సరిగా లేదు కదా. సెప్టెంబరొస్తే కొండకి నేనే పోవాలి. నీకున్నట్టు దొంగ కుంటుడు కుంటే మేనమామ నాకు లేడు. తర్వాత గైడునయ్యాను. గైడు సొంతంగా గాలం వెయ్యకూడదు, అది కంపెనీ రూలు. ఆ తర్వాత ఏటి కాపలా కూడా నాకే అప్పగించారు. దొంగచాటుగా చేపలు పట్టేవాళ్లని నేనే తరుముతుంటే, నేనే పోయి దొంగతనం చెయ్యనా?"

"మరి ఆ కోతలెందుకు కోశావ్?"

"ఉన్నుర్ కోసం," అన్నాడు. ఉన్నుర్ అతని భార్య. చనిపోయి చాలా ఏళ్లయింది. "పెళ్లికి ముందు ఓ రోజు తన మరియమ్మ చేప గురించి మురిసిపోతూ చెప్పి, మరి నీదో అని అడిగింది. నాకూ అయిందన్నాను. ఎన్ని పౌన్లు అంది. పద్దెనిమిది అన్నాను. ఒకసారి అన్నాక వెనక్కెలా తీసుకుంటాం? తనకి చెప్పిందే ఊరికీ చెప్పాల్సొచ్చింది. ఊరికి చెప్పిందే దొరలకి."

నేను పిండి చేతులు కడుక్కున్నాను.

"ఎల్లుండి ఊరంతా వస్తుంది హల్లా. చేప పడిందనుకో, కొరికానా, నలభై వేసవుల మాటలు ఒక్క కొరుకుతో గంగపాలు. కొరక్కుండా వదిలేశానా..."

"వదిలేస్తే ఏమవుతుంది? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. మళ్లీ ఇంకో పూట నాకెవరిస్తారే? అదొక్కటే కదా."

అతను అలా అన్నాక నాకు ఇక నవ్వు రాలేదు. ఏట్లో దిగిన ప్రతి పనికిమాలినవాడి చేతా రెక్క కొరికించిన మనిషి, తన వంతు కోసం డెబ్బై ఏళ్లు ఆగాడు. ఆ వంతు వచ్చినప్పుడేమో పరువా, రెక్కా అని తేల్చుకోలేక నా వంటింట్లో కాఫీ చల్లార్చుకుంటున్నాడు.

"ముందు పట్టు. కొరికేది, మానేది అప్పుడు చూద్దాం. ఆ రొట్టె విరగ్గొట్టావు, ఇంకోటి తిను," అన్నాను. నాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

పుట్టినరోజు పొద్దున నేను గట్టుకి చేరేసరికే జనం వచ్చేశారు. దుప్పట్లు పరుచుకుని, ఫ్లాస్కులు తెరిచి, జాతరకొచ్చినట్టు కూర్చున్నారు. నేను మూడంతస్తుల మీగడ కేకు, పొగబెట్టిన గొర్రె మాంసం చుట్టిన రొట్టెలు మోసుకెళ్లాను. చిన్న ఈగలు ముక్కుల్లోకి, చెవుల్లోకి దూరుతున్నాయి. పాదిరిగారి భార్య మొహానికి వల గుడ్డ కట్టుకుని, దాని కిందనుంచే కేకు తింటోంది.

గైడు లేకుండా ఏట్లో ఎవరూ గాలం వెయ్యకూడదని కంపెనీ నియమం. కనుక స్తూర్లకీ గైడు కావాలి. మిగిలిన గైడులంతా దొరలతో వేరే మడుగులకి పోయారు. ఆ బాధ్యత సంఘం తరఫున తానే తీసుకుంటున్నానని థోర్లాకుర్ ప్రకటించాడు. నీళ్లలో దిగడానికి ఎవరిదో ఛాతీ దాకా వచ్చే రబ్బరు ఫాంటు అడిగి తెచ్చుకుని, అది పట్టక పొట్ట దగ్గర తాడుతో కట్టుకుని దిగాడు. దిగేముందు ఉపన్యాసం ఇచ్చాడు. అందులో రైతుల పోరాటం వచ్చింది, సెప్టెంబరు వారం వచ్చింది, మొన్న వేసిన కొత్త కల్వర్టు కూడా వచ్చింది. స్తూర్ల పుట్టినరోజు మాత్రం చివర్లో ఎవరో గుర్తుచేస్తే వచ్చింది.

స్తూర్ల గాలపు కర్ర అందుకున్నాడు. పచ్చిక మీద ఉన్ని పోగు కట్టి దొరలకి విసరడం నేర్పేటప్పుడు అతని చెయ్యి చూడముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు చేతిలో ఉన్నది నిజం గాలం, కింద నిజం నీళ్లు. మొదటిసారి విసిరాడు. గాలం గిరుక్కున తిరిగొచ్చి అతని టోపీకే తగులుకుంది.

గట్టు మీద ఘొల్లుమన్నారు. దొరల్ని అనుకరించి నవ్విస్తున్నాడని అందరి నమ్మకం. "అచ్చం అలాగే చేశాడ్రా!" అని ఎవరో తొడ చరుచుకున్నారు.

"అద్భుతం!" అన్నాడు థోర్లాకుర్, అదే గైడు భాష అనుకుని. "గాలిని బాగా పసిగట్టావ్!"

స్తూర్ల టోపీ తీసి, గాలం విడిపించుకుని, మళ్లీ విసిరాడు. తర్వాత ఇంకోసారి. పొద్దు పైకెక్కింది. రొట్టెలు అయిపోయాయి. నవ్వులు సద్దుమణిగి జనం గొర్రెల ధరల్లో పడ్డారు. సగం మంది అతన్ని చూడడమే మానేశారు. నేను మాత్రం కేకు కత్తి చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాను. తల్లీ మరియమ్మా, ఒక్కటంటే ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. నేను చర్చికి పోయేది ఏడాదికోసారి. అయినా అడిగాను.

పూట ముగియబోతుండగా దారం బిగిసింది.

థోర్లాకుర్ అరుపులకి మంద బెదిరినట్టు జనం లేచారు. "లాగు! వద్దు, లాగకు! వదులు! ఆగు!" అని నాలుగు మాటలూ ఒకేసారి చెప్పాడు. స్తూర్ల అతని మాట వినలేదు. చేప మడుగంతా తిరిగింది, వాలు వైపు పరుగు తీసింది, బండ వెనక దాక్కుంది. స్తూర్ల పెదవులు కదులుతున్నాయి. దొరలకి ఇన్నేళ్లూ చెప్పిన మాటలే తనకి తాను చెప్పుకుంటున్నాడని తర్వాత తెలిసింది. చాలాసేపటికి అది అలిసి పక్కకి ఒరిగింది. థోర్లాకుర్ రెండుసార్లు వలతో నీళ్లని కొట్టి, మూడోసారి ఎలాగో దాన్ని వలలోకి రప్పించాడు.

జనం కేరింతలు కొట్టారు. స్తూర్ల మోకాళ్ల మీద కూర్చుని, చేపని నీళ్లలోనే రెండు చేతులా పట్టుకున్నాడు. తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపులో నాకు జవాబు కనిపించింది. కొరకాలనే నిశ్చయించుకున్నాడు. పరువు పోతే పోనీ అనుకున్నాడు. నాకు గుండె నిండిపోయింది.

అతను వంగాడు. వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

ముందు థోర్లాకుర్‌కి కనిపించింది. వెంటనే పొట్ట కదిలేలా నవ్వాడు. "ఒరేయ్, చూడండ్రా! ఇది ఆ సబ్బుల దొర చేప! రెక్క సగం వాడు తినేశాడు, సగమే ఉంది! స్తూర్లా, నీకు ఎంగిలి చేప పడిందయ్యా!"

గట్టంతా విరగబడి నవ్వింది. వాళ్ల తప్పు లేదు. వాళ్ల లెక్కలో స్తూర్ల మరియమ్మ చేప ఎప్పుడో కుర్రతనంలోనే అయిపోయింది. ఇది పుట్టినరోజున దేవుడు ఆడిన చిన్న వేళాకోళం. నేనొక్కదాన్నే నవ్వలేదు. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. లాంబెర్ మీద కాదు. ఆయన పళ్లకి నొప్పి అని తెలియనిదెవరికి? మా ఏటిని అమ్ముకుని చప్పట్లు కొట్టుకున్న మా మీద, ప్రతి దొరనీ వంచి కొరికించిన స్తూర్ల మీద, అది వింతగా ఉందని కిటికీలోంచి చూసి నవ్విన నా మీద వచ్చింది.

"ఫోటో అయిపోయింది, ఇక వదిలెయ్," అన్నాడు థోర్లాకుర్.

స్తూర్ల వదల్లేదు. చేప మొప్పలు ఆడుతున్నాయి. అతని టోపీ నీళ్లలో పడి కొట్టుకుపోతోంది, పట్టించుకోలేదు. ఇక వదిలేస్తాడేమో అని నాకు భయం వేసింది. కేకు కత్తి పైకెత్తి గట్టుమీంచి అరిచాను.

"సగమైనా చెల్లుతుందయ్యా స్తూర్లా! నీ తీర్పే కదా!"

అతను పూర్తిగా వంగి, మిగిలిన సగాన్ని కొరికాడు.

నవ్వులు కొంచెంసేపు సాగాయి. తర్వాత ఒక్కొక్కటే ఆగాయి. మా వాళ్లు నిదానస్తులే గానీ తెలివితక్కువవాళ్లు కాదు. పాదిరిగారి భార్య వల గుడ్డ పైకెత్తి చూసింది. ముసలాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. చివరిగా అర్థమైంది థోర్లాకుర్‌కి. అప్పటికీ పూర్తిగా కాలేదు.

"అదేంటయ్యా? కొరికేది మొదటి చేపకి కదా?" అన్నాడు.

స్తూర్ల నిదానంగా నమిలాడు. మింగాడు. చెయ్యి తిప్పి మూతి తుడుచుకున్నాడు.

"అవును," అన్నాడు.

చేపని వాలుకి ఎదురుగా తిప్పి, ఊపిరి అందుకునేదాకా పట్టుకుని, వదిలాడు. అది తోక ఆడించి మడుగు లోపలికి పోయింది. ముప్పై పౌన్ల చేపా, చర్చీ, పెళ్లికొడుకూ, ఏదీ ఎవరూ ఎత్తలేదు. మా వాళ్ల మర్యాద ఎప్పుడూ ఇలాగే, ఉండాల్సిన చోటికి కొంచెం ఆలస్యంగా వస్తుంది. థోర్లాకుర్ కూడా ఉపన్యాసం ఇవ్వకుండా తాడు ముడి విప్పుకోవడంలో మునిగిపోయాడు.

స్తూర్ల వచ్చి నా దుప్పటి మీద కూర్చున్నాడు. కాఫీ పోసిచ్చాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడిగాను.

"ఎలా ఉంది రుచి?"

కాఫీ గుక్క నోట్లో పుక్కిలించి మింగాడు.

"సబ్బు వాసనేసింది," అన్నాడు.

ఇద్దరం నవ్వాం. ఈసారి అతనే ముందు నవ్వాడు.

ఆ సాయంత్రం కొత్త దొరల బృందం దిగింది. భోజనాల దగ్గర వాళ్లలో ఒకాయన, జేబుల చొక్కా ఇంకా విప్పకుండానే, స్తూర్ల భుజం తట్టి అడిగాడు.

"ఇన్నేళ్లుగా ఈ ఏటి మీదే ఉన్నావటగా! నువ్వెన్ని సాల్మన్లు పట్టావు?"

నేను మాంసం పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. స్తూర్ల ఫోర్కు కింద పెట్టి, నిజంగానే లెక్క చూసుకున్నట్టు ఒక్క క్షణం ఆలోచించాడు.

"సగం," అన్నాడు.

దొరలంతా బల్ల చరిచి నవ్వారు, ఎంత వినయమో అని మెచ్చుకున్నారు. స్తూర్ల మాత్రం ఇంకో రెండు బంగాళాదుంపలు వెయ్యమని పళ్లెం నా వైపు చాచాడు.